స్థానికులతో మమేకం, నాలుగు నుంచి ఐదున్నర వరకు

సాపా, వియత్నాం
సెప్టెంబరు 19, 2024

రత్నకి, అప్పలనరసమ్మ రాస్తున్నది.

నువ్వు కులాసాగా ఉన్నావని, మీ అత్తగారి మోకాలు కాస్త నయంగా ఉందని తలుస్తాను. మీ వంతలగూడలో ఫోను మోగదు కనుక ఉత్తరం రాస్తున్నాను. మేం ముంచింగిపుట్టులో బట్టల కొట్టు ఎత్తేసి పార్వతీపురం వచ్చి మూడేళ్ళయినా, ఏదైనా చెప్పుకోవాలంటే నాకు నువ్వే గుర్తొస్తావు. ఇరవై రెండేళ్ళు ప్రతి సంత రోజూ మా కొట్టు వెనక అరుగు మీద చెప్పుకున్న అలవాటు ఊరికే పోతుందా?

ఈ టూరు గురించి చెబితే నవ్వుతావు. పొద్దున్నే కలిసి నడిచే పద్నాలుగు మంది ఆడవాళ్ళం వచ్చాం. మాకు పెద్ద లావణ్య మేడం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైంది. మెడలో ఒక విజిల్ వేసుకుని తిరుగుతుంది. ఒకసారి ఊదితే బస్సెక్కాలి, రెండుసార్లు ఊదితే దిగాలి. గుడి దగ్గర ఊదింది, సరస్సు దగ్గర ఊదింది, ఒకావిడ బాత్రూంలో ఉంటే దాని తలుపు దగ్గర కూడా ఊదింది. తిండి చూద్దామా అంటే, ఎక్కడికి తీసుకెళ్ళినా ఇండియన్ హోటలే. అయిదు రోజులుగా వియత్నాంలో పప్పుచారు తింటున్నాం. ఒక షాపులోంచి ఇంకో షాపులోకి తిప్పుతున్నారు. నేను ఇరవై ఆరేళ్ళు కొట్లో కూర్చున్నదాన్ని, షాపులు చూడ్డానికి సముద్రం దాటాలా?

రోజూ ఏ గంటకి ఏం చెయ్యాలో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చారు. నిన్నటి రోజు కింద ఇలా ఉంది: "స్థానికులతో మమేకం, 4.00 నుంచి 5.30 వరకు." చదివి నవ్వొచ్చింది. మమేకం అవడానికి కూడా టైము పెట్టారు కదా అనుకున్నాను.

మధ్యాహ్నం వాన. మెట్లు మెట్లుగా ఉన్న వరి మళ్ళ గట్టు మీద దిగుతున్నాం. నా కాలు జారింది. ఒళ్ళంతా బురద. ముందు నడిచేవాళ్ళు విజిల్ వెంట పోతూనే ఉన్నారు, ఒక్కరు వెనక్కి చూస్తే ఒట్టు. వీపున బుట్ట మోసుకొస్తున్న ఒకావిడ నా రెక్క పట్టుకుని లేపి, వాళ్ళింటికి తీసుకుపోయింది. ఆవిడ పేరు సూ. నా కాలు అప్పటికే గుమ్మడికాయంత అయింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఏదో ఆకు వేడి చేసి కట్టింది. గిన్నెలో వేడివేడిగా జావ పోసి ఇచ్చింది. తర్వాత ఇద్దరం కూర్చుని మొక్కజొన్న గింజలు వలిచాం. నేను తెలుగులో చెప్పాను, ఆవిడ తన భాషలో చెప్పింది. ఒకరిది ఒకరికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఇద్దరం గంటసేపు నోరు మూసుకోలేదు. నా సొంత చెల్లెలి ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

అప్పుడు విజిల్ వినబడింది. "ఏటండీ నరసమ్మగారూ, మీ ఒక్కరి కోసం పదమూడు మందిమి వానలో నిలబడాలా?" అని లావణ్య మేడం. సూ నన్ను గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

వాళ్ళూ మీలాగే కొండవాళ్ళు రత్నా. అదే పొగ, అదే బుట్ట. మొక్కజొన్న కంకులు దూలానికి వేలాడదీస్తారు. మీ ఇంట్లోనూ అచ్చం అలాగే ఉంటుంది కాబోలు.

విజిల్ ఊదుతోంది. ఉంటాను.

నీ
నరసమ్మక్క


వంతలగూడ
అక్టోబరు 17, 2024

నరసమ్మక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం ఇరవై ఏడు రోజులకి అందింది. పోస్టు తెచ్చే పైడయ్య దాని మీది స్టాంపు చూడమని ఊరందరినీ ఆపాడట. అందుకే ఇక్కడికి వచ్చాక కూడా ఇంకో రోజు ఆలస్యం.

నేను బాగానే ఉన్నాను. అంగన్‌వాడీకి ఇప్పుడు పిల్లలకంటే ఫోను ముఖ్యమైంది. కడుపుతో ఉన్న ప్రతి ఆమె ముఖమూ ఫోనుకి చూపించాలి. అది ఆమేనని ఒప్పుకుంటేనే గుడ్లు ఇవ్వాలి. ఊళ్ళో సిగ్నలు లేదు కాబట్టి, ఎనిమిదో నెల గర్భిణిని వెంటబెట్టుకుని కొండ ఎక్కుతున్నాను. ఎక్కాక అది "ముఖం సరిపోలలేదు" అంటుంది. చెమటతో, ఆయాసంతో ఎవరి ముఖం మాత్రం సరిపోలుతుంది? కోపమొచ్చి మొన్న నా ముఖమే చూపించాను. అదీ ఒప్పుకోలేదు.

వలిసె చేలు పూతకొస్తున్నాయి. పసుపు పూలు కనపడగానే కార్లు ఆపి చేలో దూరి ఫోటోలు తీసుకునేవాళ్ళు మొదలయ్యారు. మా మరిది కర్ర పట్టుకుని చేలోనే ఉంటున్నాడు.

మేం మొక్కజొన్న దూలానికి కట్టం. అటక మీద పోస్తాం.

మీ కాలు ఎలా ఉంది? సూ ఇంట్లో మీరు జావ తాగింది ఏ గిన్నెలో?

రత్న


పార్వతీపురం
అక్టోబరు 28, 2024

రత్నకి,

కాలు తగ్గింది. నీ ఉత్తరం మరీ పొడిపొడిగా ఉంది. ఫోను మీది కోపం నా మీద చూపిస్తే ఎలా?

గిన్నె అడిగావు కదూ, చెక్క గిన్నె. అంచు కాస్త విరిగింది. వాళ్ళ ముసలాయన తాగిన గిన్నే కడిగి నాకిచ్చింది. నేనేం అనుకోలేదు. అలాంటి చోటికి వెళ్ళాక అవన్నీ చూసుకుంటామా? మా ఆయన భాస్కరరావుగారికి చెబితే, "ఇంట్లో నా గ్లాసులో నీళ్ళు తాగవు, అక్కడ తాగేశావా?" అని వెక్కిరించారు.

అసలు సంగతికి వస్తాను. వచ్చిన దగ్గర్నుంచి మా వాళ్ళందరికీ ఒకటే మాట: అంత దూరం పోయి వాళ్ళ కొండలు చూశాం, మన కొండలు చూడలేదు అని. నేను వెంటనే, "మా రత్న ఉంది కదా!" అన్నాను. లావణ్య మేడం ఎగిరి గంతేసింది. డిసెంబరు 7, 8 తేదీల్లో పన్నెండు మందిమి వస్తాం. అరకు చూసుకుని, రాత్రికి మీ ఇంట్లో బస. నువ్వేం కంగారు పడకు, చాలా మామూలుగా ఉంటే చాలు. ఇంగ్లీషు బాత్రూం ఉంటే మంచిది, ముగ్గురికి మోకాళ్ళు వంగవు. పొగ పడనివాళ్ళు ఇద్దరున్నారు కాబట్టి పొయ్యి బయట పెట్టించు. దింసా ఆడే ఆడవాళ్ళని ఓ పదిమందిని చూడు. మీ అత్తగారిని ఆ పాతకాలం నగలన్నీ పెట్టుకోమను. నువ్వు మటుకు అంగన్‌వాడీ చీర కట్టుకోకు తల్లీ, మీ వాళ్ళు మోకాళ్ళ దాకా కడతారే, అలా కట్టుకో. ఫోటోల్లో బాగుంటుంది.

లావణ్య మేడం అప్పుడే కాగితం అచ్చు వేయించేసింది. "స్థానికులతో మమేకం, 4.00 నుంచి 5.30 వరకు" అని ఇందులోనూ పెట్టింది. మీ ఊరి పేరు మాత్రం "వంటలగూడ" అని పడింది. తిడితే, వినడానికి అదే బాగుందంటుంది.

బేగి జవాబు రాయి. పన్నెండు మందికి చెప్పేశాను.

నరసమ్మక్క


వంతలగూడ
నవంబరు 12, 2024

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది చింపను.

మీ పన్నెండు మంది మా ఇంటికి రావద్దు.

ముందు మా అత్తకి చెప్పాను. ఆమె, "పన్నెండు మంది ఆడోళ్ళు వస్తన్నారా? ఎవులు పోయినారే?" అంది. మా ఊరికి అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి వచ్చేది ఏడవడానికే. చూడ్డానికి వస్తున్నారు అంటే, "ఏటి సూడ్డానికి?" అంది. ఆమెకి నగలు లేవు. ఉన్న ఒక్క ముక్కుకమ్మీ ముక్కు చిరిగి తీసేసింది. నేను మోకాళ్ళ దాకా చీర కట్టి ఇరవై ఏళ్ళయింది. ఫోటో కోసం ఇప్పుడు కట్టను.

మీరు మొదటి ఉత్తరంలో "మీ ఇంట్లోనూ అచ్చం అలాగే ఉంటుంది కాబోలు" అని రాశారు. ఆ కాబోలు దగ్గర ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళ స్నేహం తర్వాత, నా ఇల్లు ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవలసి వచ్చింది.

మేం ఇల్లు కట్టుకున్నప్పుడు రమ్మని మా ఆయన, నేను వచ్చి బొట్టు పెట్టాం. మీరు జీపులో కల్వర్టు దాకా వచ్చారు. కాళ్ళు నొప్పులని చెప్పి, చీర డ్రైవరు చేత పంపించి వెనక్కి తిరిగారు. మా అత్త కాళ్ళకి నీళ్ళివ్వడానికి చెంబు పట్టుకుని ఎండలో నిలబడే ఉంది. మా అబ్బాయి రవిబాబు పదో తరగతి పాసైనప్పుడు పాయసం వండి కొట్టుకి తెచ్చాను. ఇవాళ శనివారం, ఒంటిపూట అన్నారు. ఆ రోజు మంగళవారం అక్కా. మీరు తప్పు చెప్పారని నాకు తెలుసు, నాకు తెలుసని మీకూ తెలుసు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జ్వరాల ఏడు గుర్తుందా? భాస్కరరావుగారు సరుకుకి విజయనగరం వెళ్ళారు. మీకు ఒళ్ళు తెలియదు. నేనే ఆసుపత్రిలో చేర్చి రెండు రోజులు పక్కన కూర్చున్నాను. గంజి కాచి నా చేత్తో పట్టాను, తాగారు. తెలివొచ్చాక మీరు అడిగిన మొదటి మాట, "గంజి ఎవరు కాచారు?" అని. ఆసుపత్రి నర్సు కాచిందని నేనే అబద్ధం చెప్పాను. మీరు పడుకున్నారు.

కొట్టు వెనక కిటికీ చువ్వకి తగిలించి ఉండే స్టీలు గ్లాసు నాది. దాంట్లో తాగేదాన్ని, నేనే కడిగేదాన్ని, నేనే తగిలించేదాన్ని. దాని మీద పేరు చెక్కించలేదు మీరు. ఆ అవసరం రాలేదు.

ఇన్నాళ్ళూ ఇది పట్టించుకోకూడదనే అనుకున్నాను. మీరు మంచివారు. మీ కాలంవాళ్ళు అంతేలే అనుకున్నాను. కానీ మీకు చేతకాకపోవడం కాదని ఇప్పుడు తెలిసింది. సూ ఇంట్లో ముసలాయన గిన్నెలో తాగారు. తాగి, ఆ సంగతి సంతోషంగా నాకు రాశారు. నాకు!

మీరొక్కరే వస్తానంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. మీరు అడగలేదు.

రత్న


పార్వతీపురం
నవంబరు 22, 2024

రత్నకి,

నీ ఉత్తరం చదివాను. ఇన్నేళ్ళూ కడుపులో ఇంత పెట్టుకుని నా ముందు నవ్వుతూ కూర్చున్నావన్నమాట. నీకు కుట్టు మిషను నేర్పిందెవరు? సూది వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని రక్తం పీల్చిందెవరు? రవిబాబు స్కూలు బట్టలకి ఏ ఏడూ నా కొట్లో గుడ్డ తక్కువ పడిందా? ఇవేవీ నీకు గుర్తు లేవు. కిటికీకి తగిలించిన గ్లాసు గుర్తుంది.

పన్నెండు మందికి నేను ఏం చెప్పాలి? లావణ్య మేడం, "మీ స్నేహితురాలన్నారు కదండీ?" అని నలుగురిలో అడిగింది. నా తల ఎక్కడ పెట్టుకోను?

ఇక నేను రాయను. నువ్వూ రాయకు.

అప్పలనరసమ్మ

మీ అత్తగారి మోకాలికి నూనె, ముంచింగిపుట్టు బస్సు డ్రైవరు చేత పంపాను. అది వేరే సంగతి.


వంతలగూడ
డిసెంబరు 3, 2024

నూనె అందింది. అత్త రాసుకుంటోంది.

రత్న


పార్వతీపురం
జనవరి 9, 2025

రత్నా,

రాయనని చెప్పి రాస్తున్నాను. నవ్వుకో.

డిసెంబరులో మేం అరకు వెళ్ళాం. మీ ఇల్లు లేదు కనుక లావణ్య మేడం ఒక రిసార్టు మాట్లాడింది. అక్కడ గడ్డి మీద దింసా ఆడించారు. ఒకే రంగు చీరలు, ఒకే రకం పూలు. విజిల్ ఊదగానే మా వాళ్ళంతా వరుసలో దూరారు. నన్నూ లాగారు. నా నడుము చుట్టూ చెయ్యి వేసిన ఆమె నీ వయసుదే ఉంటుంది. అడుగు వేస్తూనే, "ఏ ఊరమ్మా?" అంది. పార్వతీపురం అనబోయి, ఎందుకో ముంచింగిపుట్టు అన్నాను. ఆమె ముఖం విప్పారింది. "మా కన్నోరిది అక్కడే. ముంచింగిపుట్టులో ఉండీవోరా? ఎవులెవులింటికి ఎల్లీవోరు?" అంది.

రత్నా, నేను ఆ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు ఉన్నాను. ఒక్క ఇంటి పేరు చెప్పలేకపోయాను. మా పక్కన కొట్లవాళ్ళ పేర్లు తప్ప నా నోటికి ఏదీ రాలేదు. చుట్టూ ఉన్న పల్లెల్లో ప్రతి ఆడదాని జాకెట్టు కొలతా నాకు తెలుసు. ఒక్కరి గడపా తెలియదు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి వరుసలోంచి వచ్చేశాను.

బస్సులో లావణ్య మేడంతో సూ గురించి మాట్లాడాను, ఎలాగైనా ఒక ఫోటో పంపాలని. ఆమె ఏమందో తెలుసా? "ఆవిడ ఇల్లే మన ప్రోగ్రాంలో ఉన్న ఇల్లండీ. నాలుగింటికి అందరం అక్కడికే వెళ్ళాల్సింది, వానని మానేశాం. మీరు జారిపడి ఓ గంట ముందు వెళ్ళారు, అంతే." నాకు ఒళ్ళు మండిపోయింది. నా సూ, నా జావ, నా ఏడుపు, అన్నీ ఆ అచ్చు కాగితంలోవే! రెండు రోజులు సూ మీద కూడా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, కాలికి ఆకు కట్టమని కాగితంలో లేదు. అది ఆవిడ సొంతంగా చేసింది. నాకు అంతే చాలు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. పెట్టెలో పెట్టాను. తీసి చదవడం, తిట్టుకోవడం, మళ్ళీ పెట్టడం. మా అత్తగారికి భయపడి అలా చేశానని రాద్దామనుకున్నాను. ఆమె పోయి పద్నాలుగేళ్ళు. అలవాటు అని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. నాకు రోతగా ఉండేది రత్నా. ఎందుకని అడిగితే చెప్పలేను, చిన్నప్పటి నుంచి ఎవరో ఒంట్లో కుట్టేసినట్టు. నువ్వంటే ప్రాణమే, నీ చేతి నీళ్ళంటే రోత. రెండూ నాలోనే ఉండేవి, ఒకదాని సంగతి ఒకదానికి పట్టేది కాదు. మరి సూ దగ్గర ఆ రోత ఎందుకు రాలేదని నన్ను నేను అడుక్కున్నాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. అంతే. చూసేవాళ్ళు లేకపోతే నేను మంచిదాన్నే.

గంజి కాచింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. నర్సు గంజిలో వాము వేస్తుందా?

జనవరి 23, గురువారం వస్తాను. నేనొక్కదాన్నే. విజిల్ లేదు. నీకు ఇష్టం లేకపోతే రాయి, ఆగిపోతాను.

నరసమ్మ


వంతలగూడ, మీ ఇంటి అరుగు మీద
జనవరి 23, 2025, మధ్యాహ్నం

రత్నా, నువ్వు ఎక్కడున్నావే?

జవాబు రాలేదు కనుక రావద్దని లేదనుకుని బయల్దేరాను. రెండు బస్సులు మారాను. కల్వర్టు దగ్గర దిగి నడిచాను. సగం దారిలో మీ పైడయ్య ఎదురయ్యాడు. "రత్న ఇంట్లో ఉందా?" అంటే, "ఆవిడ ట్రైనింగు అని నిన్ననే పాడేరు ఎల్లిపోయింది. రేపు గానీ రాదు" అన్నాడు. "అదేమిటి, నేను ఉత్తరం రాశాను కదా!" అంటే సంచీలో వెతికాడు. నా ఉత్తరం అందులోనే ఉంది. పద్నాలుగు రోజులు! "ఎలాగూ ఎల్తన్నారు కదమ్మా, మీరే ఇచ్చీండి. నాకో నడక తగ్గుద్ది" అని నా ఉత్తరం నా చేతిలోనే పెట్టి పోయాడు.

వెనక్కి తిరుగుదామనుకున్నాను. నిజం. కాళ్ళు నొప్పులు కూడా, ఈసారి నిజంగానే.

మీ అత్తగారు గుమ్మంలో ఉంది. నాకు ఆమె ఒడియా రాదు, ఆమెకి నా తెలుగు సగమే అందుతుంది. వచ్చిన తెలుగులోనే "కొట్టామెవి నువ్వా?" అంది. అవునన్నాను. కాళ్ళకి నీళ్ళిచ్చింది. లోపల కూర్చోమంది. చోడి అంబలి, ఉడకబెట్టిన దుంపలు, ఎండు చేప పెట్టి, నా ఎదురుగా చతికిలబడి చూస్తూ కూర్చుంది. తినేదాకా కదిలేలా లేదు.

నీకు అబద్ధం చెప్పను. మొదటి గుక్క గొంతు దిగలేదు. నోట్లో పట్టుకుని అలాగే ఉన్నాను. ఆమె, "వేడా?" అంది. తల ఊపాను. విసనకర్ర తెచ్చి నా అంబలికి విసరడం మొదలెట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి, ఆ మోకాళ్ళతో. అప్పుడు మింగాను. తర్వాతవి మామూలుగానే దిగాయి. చేప ఇంకొకటి అడిగి వేయించుకున్నాను.

ఊరికే కూర్చోనివ్వలేదు. కాఫీ గింజలు ఎత్తమంది, ఎత్తాను. తర్వాత ఆమె కునుకు తీస్తుంటే గిన్నెలన్నీ తోమి సర్దేశాను. ఇల్లు చూశాను. మొక్కజొన్న అటక మీదే ఉంది.

మీ అంగన్‌వాడీ పుస్తకంలోంచి కాగితం చింపి ఇది రాస్తున్నాను. పాత ఉత్తరం కూడా దీనికి పిన్ను పెడుతున్నాను, రెండూ కలిపి చదువుకో. నాలుగింటి బస్సు తప్పిపోతే మళ్ళీ లేదు. వచ్చిన రోజు నువ్వు లేకపోవడం నాకు మంచి శాస్తే.

నరసమ్మ


వంతలగూడ
జనవరి 27, 2025

నరసమ్మక్కా,

ఇరవై రెండేళ్ళు రాకుండా, నేను ఊళ్ళో లేని రెండు రోజులు చూసి వచ్చావా? పాడేరులో ఆ ఫోను ఎలా పట్టుకోవాలో నేర్పుతుంటే కూర్చుని ఆవలిస్తున్నాను. అక్కడ నువ్వు నా పొయ్యి దగ్గర కూర్చున్నావు. ఇంటికొచ్చి ఆ కాగితం చదివాక నాకు ఏడుపు వచ్చిందో కోపం వచ్చిందో తెలియలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళాను. కోపమే వచ్చింది.

పొయ్యి మీద పెట్టే గిన్నెలకి అడుగున మట్టి పూస్తాం అక్కా, మాడకుండా. అది మురికి కాదు. నువ్వు మూడు గిన్నెలూ తోమి తోమి అద్దంలా చేశావు. గరిటెలు ఎక్కడ పెట్టావో రెండు రోజులు దొరకలేదు. ఉప్పు డబ్బా దేవుడి దగ్గర ఉంది. ఎందుకు?

ఇవి కాదు అసలు సంగతి. అరుగు మీద ఒక పక్క పండుతోనే ఎండబెట్టిన నల్ల కాఫీ, ఇంకో పక్క తోలు తీసి కడిగి ఎండబెట్టిన తెల్ల కాఫీ. రెండూ వేరు. రెంటినీ వేరేగా కొంటారు. కొట్లో కూర్చుని చీటీ గుడ్డకీ సిల్కు గుడ్డకీ తేడా చెప్పే మనిషివి, నల్లదానికీ తెల్లదానికీ తేడా కనిపించలేదా? రెండూ కలిపి మూడు గోతాలు కట్టావు! పైగా మూతులు గట్టిగా కుట్టావు కూడా, నీ కుట్టే. మా అత్తని అడిగాను, ఎందుకు ఆపలేదని. "అంత సరదాగా సేత్తంటే ఎలా ఆపమంటావు?" అంది.

ఆమె మాట ఇంకా ఉంది. "ఆ గుంటకి పనీపాటా రాదు. కూకోబెడితే కూకుంటాది, పెడితే తింటాది" అంది. నీకు యాభై ఏడేళ్ళని చెప్పాను. "అయితే ఏటి?" అంది.

నీ పాత ఉత్తరం రెండుసార్లు చదివాను. రోత అని రాసిన చోట కాగితం పక్కన పెట్టి బయటికి వెళ్ళి వచ్చాను. అది రాయకుండా ఉంటే బాగుండునని ఒకసారి అనిపించింది. రాయకపోతే నేను జవాబు రాసేదాన్ని కాదని కూడా అనిపించింది. ఒక్క పూట అంబలితో నా కోపం పోలేదు అక్కా. అది నీకు తెలియాలి. కొన్నాళ్ళు ఉంటుంది. ఉన్నా, నీతో మాట్లాడొచ్చనే అనుకుంటున్నాను.

మొన్నటి నుంచి అత్త, నేను కూర్చుని కాఫీ ఏరుతున్నాం. ఒక గోతం అయింది. నా కళ్ళు పోయాయి. అత్తకి నల్లవీ తెల్లవీ ఒకేలా కనిపిస్తాయి. ఆమె ఏరినవి నేను మళ్ళీ ఏరుతున్నాను. మిగతా రెండింటి మూతులు విప్పలేదు.

ఆదివారం నాకు అంగన్‌వాడీ లేదు, ఫోను లేదు. పొద్దున్న బస్సుకే రా. ముందుగా ఉత్తరం రాయకు, పైడయ్య దాన్ని మళ్ళీ నీ చేతికే ఇస్తాడు. వచ్చేటప్పుడు కళ్ళద్దాలు తెచ్చుకో. రెండు గోతాలంటే ఒక్క ఆదివారంతో తెమలదు.

రత్న